వెనక చక్రం మూలుగు

కిందటేడు దసరాకి కార్లో ఊరు బయల్దేరాం. ఖరగ్‌పూర్ నుంచి శ్రీకాకుళం 600 కిలోమీటర్ల పైచిలుకు. చౌరంగీ దగ్గర 16వ నంబరు జాతీయ రహదారి ఎక్కితే ఇంక ఎవర్నీ దారి అడగక్కర్లేదు. బాలేశ్వర్ దాటుతుండగా వెనక సీట్లోంచి అమ్మ అడిగింది, "ఏట్రా, విమానం ఎక్కించీసినావా?" అని. అప్పటిదాకా నేను రోడ్డు గరుకు అనుకుంటున్నాను. 60 దాటితే గుయ్యిమని మోత మొదలై, వేగం పెరిగేకొద్దీ శ్రుతి పెంచుకుంటూ పోతోంది. ఏసీ ఆపినా, రేడియో ఆపినా ఉంది. క్లచ్చు తొక్కినా ఉంది.

తిరిగొచ్చాక ఒక మెకానిక్కుకి చూపించాను. ఓ చుట్టు తిప్పుకొచ్చి, కుడి వెనక బేరింగు పోయిందన్నాడు, మార్చాడు. మోత ఎక్కడికీ పోలేదు. రెండో వారం ఎడమది కూడా మార్చాడు. మోత సగం తగ్గింది. మిగతా సగం అప్పటికి బేరింగులది కాదు, వెనక టైర్లది. అంటే జబ్బులు రెండు, చివరికి వైద్యాలు నాలుగు. మొదటి వైద్యం బాగున్న కాలికి జరిగింది.

నామోషీ అక్కడే. ఖరగ్‌పూర్ చక్రాల ఊరు. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే ఇక్కడ జంక్షనూ వర్క్‌షాపూ పెట్టిన నాటి నుంచి, శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ పల్లెల నుంచి వచ్చిన మా తాతల తరం చక్రాలు విప్పి, తోమి, బిగించి బతికింది. మథురాకాఠీలో, నిమ్‌పురాలో ఏ తెలుగింటి తలుపు తట్టినా ఒక ఫిట్టరో, ఒక టర్నరో, రైలు పెట్టెలు పరీక్షించే టీఎక్స్ఆర్ దగ్గర చేసిన మనిషో ఉంటాడు. అలాంటి ఊళ్లో ఒక చిన్న కారు వెనక చక్రం ఏమంటోందో మాకు మూడో ప్రయత్నానికి గానీ తెలియలేదు. అందుకని ఈ విషయం మీద మెకానిక్కులు చెప్పేది, తయారీదారుల మాన్యువళ్లు చెప్పేది, రైల్వేవాళ్లు చేసేది పక్కపక్కన పెట్టి చూశాను. అందరూ అన్నీ ఒప్పే చెబుతారు. పేచీ వరసలో ఉంది.

వరస అంటే బేరింగు చచ్చే వరస. గుండ్లు దొర్లే దారిలో ఉక్కు ముందు లోపల అలుస్తుంది. చర్మం కింద మొదలైన పగులు పైకి వచ్చి చిన్న పెచ్చు ఊడుతుంది. అప్పుడు పుట్టేది మనిషి చెవికి అందని సన్నని ధ్వని. తరవాత చెవికి అందే మోత. ఆ పైన వేడి. చక్రం పట్టుకు ఊపితే టకటకమనే వదులు అన్నిటికన్నా ఆఖర్న వస్తుంది. మన గ్యారేజీల్లో మొదటి పరీక్ష ఏమిటి? జాకీ వేసి, చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపడం. ఊగకపోతే "బేరింగు బాగుంది, టైర్లు చూపించుకోండి" అంటారు. ఊగేదాకా ఆగితే బేరింగుతో పాటు డ్రమ్ము లోపలి ఇరుసుకొన కూడా పోవచ్చు. ఈ మధ్య వస్తున్న రెండు వరసల సీల్డు బేరింగుల్లో అయితే గుయ్యిమని ఊరంతా వినబడుతున్నా వదులు ఇసుమంత కూడా ఉండదు. ఊపుడు పరీక్షను తీసిపారెయ్యమని కాదు. ఊగితే బండి ఆపెయ్యాల్సిందే. ఊగకపోవడం మాత్రం దేనికీ సాక్ష్యం కాదు.

రైల్వే ఈ వరసను తన అనుభవం మీద వెనక నుంచి ముందుకు నడిచింది. పాత రోజుల్లో బండి చక్రాలకి గుండ్లూ లేవు, రోలర్లూ లేవు. తెల్లలోహం పూత పోసిన ఇత్తడి దిమ్మ కింద ఇరుసు తిరిగేది, దాని అడుగున యాక్సిల్ బాక్సులో నూనెలో నానిన నూలు పీచు. పీచు ఎండితే పొగ, ఆ తరవాత మంట. 'హాట్ యాక్సిల్' అన్న మాట మా ఇళ్లల్లో ఆడవాళ్లకి కూడా తెలుసు. ఆ మాట వచ్చిందంటే ఆ రాత్రి మనిషి భోజనానికి రాడని అర్థం. బండి ఆగగానే బాక్సు మీద చేతి వెనకభాగం ఆనించి చూసేవారు. ఇప్పుడు ఆ పని పరారుణ థర్మామీటరు చేస్తోంది. మనిషి చెవిని మాత్రం రైల్వే మానలేదు. బండి స్టేషన్లోకి వస్తుంటే పట్టాలకి రెండు వైపులా సిబ్బంది గొంతుక్కూర్చుని, కదిలే చక్రాన్ని చూస్తూ వింటారు. రోలింగ్-ఇన్ పరీక్ష అంటారు. చక్రం అంచు ఒకచోట చదునై టకటకమంటోందా, బేరింగు గరగరమంటోందా అన్న తేడా వాళ్లకి వాన హోరులో కూడా తెలుస్తుంది. ఆ చెవినే ఇప్పుడు యంత్రానికి నేర్పుతున్నారు: పట్టాల పక్కన మైకులు పెట్టి, వెళ్లే బండి బేరింగుల ధ్వనిని విడదీసి, వేడెక్కకముందే పట్టుకునే పద్ధతి.

మా చిన్నాన్న వర్క్‌షాపులో రోలర్ బేరింగ్ సెక్షన్లో చేసి రిటైరయ్యాడు. మూడో ప్రయత్నానికి నేను ఆయన దగ్గరకే వెళ్లాను. మొదటికే వెళ్లకపోవడానికి కారణం ఆయన నాలుగు గంటలు మాట్లాడతాడన్న భయం. ఆ రోజు మాటల కన్నా పనే ఎక్కువ చేశాడు.

ముందు కారు ఎక్కి, నిమ్‌పురా దాటి ఖాళీ రోడ్డు మీద 70కి తీసుకెళ్లమన్నాడు. అక్కడ న్యూట్రల్ చేయించాడు. ఇంజిను చప్పుడు పడిపోయింది, మూలుగు అలాగే ఉండి, కారు నెమ్మదించే కొద్దీ దిగింది. అంటే ఇంజినూ గేరుబాక్సూ నిర్దోషులు. (ఇది చేసేటప్పుడు తాళం తిప్పి ఇంజిను ఆపకూడదు. స్టీరింగు, బ్రేకు రెండూ బరువెక్కుతాయి.) తరవాత కొత్త తారు నుంచి పాత కాంక్రీటు మీదకి పోనిచ్చాడు. మోతలో ఒక భాగం రోడ్డు మారగానే మారింది, ఒక భాగం మారలేదు. "రెండు గొంతులున్నాయి, వినబడతందా?" అన్నాడు. నాకు అప్పటికి ఒకటే వినబడింది.

ఇక్కడ ప్రతి మెకానిక్కూ చెప్పే వంపు పరీక్ష గురించి రాయాలి, నా కుడి బేరింగు అన్యాయమైపోయింది దీని వల్లే. ఎడమకి తిప్పితే బరువు కుడి చక్రాల మీద పడుతుంది, అప్పుడు మోత పెరిగితే కుడిది పోయినట్టు. కుడికి తిప్పినప్పుడు పెరిగితే ఎడమది. ముందు చక్రాల విషయంలో ఇది చాలావరకు నిలబడుతుంది. వెనక చక్రాల దగ్గర నమ్మకం సగానికి తగ్గించుకోవాలి. చిన్న కార్లలో ఇంజిను ముందుంటుంది, వెనక బరువు తక్కువ, కాబట్టి మార్పూ తక్కువే. పైగా రెండు వరసల బేరింగులో వంపు తిరిగినప్పుడు పక్కతోపు వల్ల బరువు ఒక వరస మీంచి రెండో వరస మీదకి జరుగుతుంది. పాడైన వరస మీదకి జరిగిందా, ఆ చక్రం మీద మొత్తం బరువు తగ్గినా మోత పెరగొచ్చు. నా బండి ఎడమకి తిరిగితే గట్టిగా అరిచింది, పోయిందేమో ఎడమదే. పైగా వెనక మోత కారు డొప్పలో ప్రతిధ్వనిస్తుంది. డిక్కీలోని స్టెప్నీ గుంట ఢమరుకంలా పనిచేస్తుంది. వెనక సీట్లో కూర్చున్న మనిషి ఏ వైపని చూపించినా పందెం కాయొద్దు.

టైరు సంగతి చిన్నాన్న అరచేత్తో తేల్చాడు. టైరు అంచు గళ్ల మీద చెయ్యి ముందుకి రాస్తే నున్నగా పోయింది, వెనక్కి రాస్తే రంపం పళ్లలా గుచ్చుకుంది. ముందు చక్రాలు లాగే కార్లలో వెనక టైర్లు ఉత్తినే దొర్లుతాయి. వాటిని ముందూ వెనకా మార్చకుండా వదిలేసినా, షాక్ అబ్జార్బర్లు చచ్చినా, చక్రాల కోణం తప్పినా ఇలా పళ్లు తేలతాయి. ఆ పళ్లు రోడ్డుని కొడుతూ చేసే చప్పుడు అచ్చు బేరింగు మూలుగే. అనుమానం తీరాలంటే వెనక టైర్లు ముందుకీ ముందువి వెనక్కీ వేసి అదే రోడ్డు మీద తిరగాలి. మోత ముందుకొస్తే టైరుది. ఖర్చు లేదు, అరగంట పని. నేను చూసినంతలో బేరింగు మార్చే ముందు ఈ పని చేసేవాడు పదిమందిలో ఒకడు కూడా లేడు.

అప్పుడు జాకీ. ముందు చక్రాలకి రాళ్లు, బండి గేర్లో, హ్యాండ్‌బ్రేకు వదిలి, జాకీ పక్కన స్టాండు. చిన్నాన్న చక్రం పక్కన బాసిపట్టు వేసుకుని, ఎడమ చేతి మూడు వేళ్లు స్ప్రింగు చుట్ట మీద ఆనించి, కుడిచేత్తో చక్రాన్ని తిప్పాడు. కళ్లు మూసుకున్నాడు. కుడి వైపు ఏమీ లేదు. కొత్తదే మరి. ఎడమదీ కొత్తదే, అయినా రెండు చుట్లు తిరిగేసరికి నా చెయ్యి లాగి స్ప్రింగు మీద పెట్టాడు. తిరగలిలో ఇసక పడ్డట్టు సన్నగా గరగర, వేళ్లకి తెలుస్తోంది, చెవికి తెలియడం లేదు. స్ప్రింగు ఉక్కు తీగ, ఒక చివర చక్రం దగ్గరే ఉంటుంది. బేరింగు గరుకుని అది వేళ్ల దాకా మోసుకొస్తుంది. డ్రమ్ములో షూ రాసుకునే చప్పుడు దీనికి వేరు. అది చుట్టుకొకసారి, ఒకేచోట "స్" మంటుంది. డిస్కు బ్రేకులున్న కార్లలో వెనకున్న రేకు డొప్ప ఒంగి రాసుకుని కూడా భయపెడుతుంది, దాన్ని వేలితో వెనక్కి వంచితే సరి.

నా లెక్కలో వెనక చక్రానికి ఇంతకు మించిన పరీక్ష లేదు. డాక్టరు స్టెతస్కోపు లాంటిది మెకానిక్కులకీ దొరుకుతుంది. పనికొస్తుంది గానీ, మూడు వేళ్లు చేసేదే అదీ చేస్తుంది. థర్మామీటరు తుపాకీ బాగుంటుంది, ఒక షరతు మీద: పదిపదిహేను కిలోమీటర్లు బ్రేకు సాధ్యమైనంత తక్కువ తొక్కుతూ వచ్చి, రెండు వెనక చక్రాల మధ్యభాగాల వేడి పోల్చాలి. విడిగా అంకెకు అర్థం లేదు, తేడాకే అర్థం. హ్యాండ్‌బ్రేకు కేబులు పట్టేసినా ఒక చక్రం కాలుతుంది, అది మరచిపోకూడదు.

ఆ గరగర రోడ్డు మీద గుయ్యిమనే మూలుగుగా ఎందుకు మారుతుందన్నది చిన్న లెక్క. చక్రం చుట్టుకొలత 1.8 మీటర్లనుకుంటే, 60 కిలోమీటర్ల వేగంలో అది సెకనుకి తొమ్మిది చుట్లకు పైగా తిరుగుతుంది. బేరింగులో ఒక వరసకి 12 గుండ్లు ఉన్నాయనుకుందాం. మా కారులాగా డ్రమ్ముతో పాటు బయటి రింగు తిరిగి, లోపలి రింగు ఇరుసుకొన మీద కదలకుండా ఉంటే, లోపలి రింగు మీద ఒక గుంట మీదుగా సెకనుకి దాదాపు 66 గుండ్లు దాటతాయి. విడివిడి దెబ్బల్ని చెవి లెక్కపెట్టలేదు, కలిపి ఒక స్వరంగా వింటుంది. 80కి వెళ్తే అదే 88 అవుతుంది. శ్రుతి పెరిగిందని అమ్మకి వినబడింది అదే.

బేరింగు ఎన్నాళ్లు బతకాలో చెప్పే సూత్రాన్ని 1947లో స్వీడన్‌కి చెందిన లుండ్‌బర్గ్, పామ్‌గ్రెన్ ఇచ్చారు. బరువు రెట్టింపైతే గుండ్ల బేరింగు ఆయుష్షు ఎనిమిదో వంతుకి పడిపోతుంది. పెళ్లి సామానుతో డిక్కీ నింపేవాళ్లూ, అందం కోసం బయటికి పొడుచుకొచ్చే వెడల్పు చక్రాలు తగిలించేవాళ్లూ ఇది చూసుకోవాలి. కానీ మా వైపు బేరింగులు అలసటతో చచ్చేవి తక్కువని నా అభిప్రాయం. నీళ్లు చంపుతాయి. ఎర్రమట్టి నేల, వానాకాలంలో మోకాలి లోతు నిలిచే రోడ్లు. దూరం తిరిగి వేడెక్కిన చక్రం ఆ నీళ్లలో దిగితే లోపలి గాలి చప్పున చల్లబడి ముడుచుకుంటుంది, అరిగిన సీలు పక్కనుంచి మట్టినీళ్లని లోపలికి పీల్చుకుంటుంది. గ్రీజు మజ్జిగవుతుంది. రెండో హంతకుడు గుంతలు. ఒక్క గట్టి దెబ్బకి గుండు రింగు మీద తన అచ్చు వేస్తుంది, ఆ అచ్చు దగ్గర మొదలవుతుంది పెచ్చు ఊడడం. రైలు ఊరివాడిగా నాకు నచ్చిన మూడో కథ ఒకటుంది. అమెరికాలో కొత్త కార్లను రైళ్ల మీద దూరాలు పంపిస్తే, ఒక్క చుట్టూ తిరగని చక్రాల బేరింగులు పాడై చేరేవట. బండి అదురుకి గుండ్లు ఉన్నచోటే వణికి గ్రీజుని పక్కకి తోసేసి రింగుని తినేసేవి. 1937లో జాన్ ఆల్మెన్ దీని గురించి రాశాడు. కదలకపోయినా చక్రం అరుగుతుందన్నమాట.

ఇక మార్చడం. తీరు చూస్తే మూడు తరాలు. పాత మారుతీ 800 లాంటి వాటిలో డ్రమ్ములోనే లోపలొకటి, బయటొకటి విడి బేరింగులు, మధ్యలో గొట్టం. తరవాతవి డ్రమ్ములోకో హబ్బులోకో నొక్కి కూర్చోబెట్టే రెండు వరసల సీల్డు బేరింగులు. ఇప్పటివి హబ్బూ బేరింగూ కలిసే వచ్చే యూనిట్లు, నాలుగు బోల్టులతో విప్పి బిగించడమే. అంబాసిడర్ లాంటి వెనక చక్రాలు లాగే బళ్ల సంగతి వేరు. వాటిలో సీలు పోతే డిఫరెన్షియల్ నూనె బ్రేకు షూల మీదకి దిగుతుంది. పైగా డిఫరెన్షియల్ ఏడుపుని బేరింగు ఏడుపుగా పొరబడడం మామూలే. యాక్సిలరేటరు తొక్కినప్పుడు ఒకలా, వదిలినప్పుడు ఒకలా ఏడిస్తే అది డిఫరెన్షియల్.

మా డ్రమ్ము రెండో తరంది, లేత్ షాపులో ప్రెస్సు కింద పెట్టాల్సింది. ఎడమ బేరింగు రెండోసారి మార్చినప్పుడు చిన్నాన్న పక్కనే ఉన్నాడు. అవును, రెండోసారి. మొదటి మెకానిక్కు వేసిన కొత్తది కూడా నెల తిరక్కుండానే గరగర మొదలెట్టింది, స్ప్రింగు మీద వేళ్లకి తెలిసింది దాని సంగతే. విప్పాక ఎందుకో అర్థమైంది. బయటి రింగుని డ్రమ్ములోకి పంపడానికి లోపలి రింగు మీద సుత్తితో కొట్టాడు. దెబ్బ గుండ్ల మీదుగా ప్రయాణించింది, ప్రతి గుండూ రింగు మీద ముద్ర వేసింది. "సుత్తి ముట్టుకున్నావంటే బేరింగు చచ్చిపోనాదే అనుకో," అన్నాడు చిన్నాన్న. వర్క్‌షాపులో వాళ్లు బోగీ ఇరుసు మీద రింగుని కొట్టరు. కరెంటు హీటరు మీద వేడి చేస్తే రింగు వ్యాకోచించి జారి కూర్చుంటుంది, చల్లారితే ఇరుసుని కరుచుకుంటుంది. కారుకి సూత్రం ఒకటే: ఏ రింగు బిగుతుగా కూర్చోవాలో ఆ రింగునే నొక్కాలి. డ్రమ్ములోకైతే బయటిది, ఇరుసు మీదకైతే లోపలిది. లేత్ షాపు దాదా పాత బేరింగు బయటి రింగునే దిమ్మగా వాడి, గాడి వరకూ నింపాదిగా దించి, లాకు రింగు వేశాడు. ఐదు నిమిషాలు.

తరవాత నట్టు. నా దృష్టిలో సగం బేరింగులు ఇక్కడే చస్తాయి. పాత కోను బేరింగులకి బాగా బిగించి, చక్రం తిప్పి, మళ్లీ వదులు చేసి, వేళ్లతో బిగించినంతే ఉంచి శీల వెయ్యాలి. ఎడ్లబండి కడసీల ఇక్కడ స్ప్లిట్ పిన్ అయింది, అంతే. కొత్త సీల్డు యూనిట్లకి పూర్తిగా తిరగబడ్డ ధర్మం: కంపెనీ చెప్పిన బలంతో గట్టిగా బిగించాలి, వంద న్యూటన్-మీటర్లు దాటేవే ఎక్కువ. రెండు లోపలి రింగులు ఒకదానికొకటి ఒత్తుకుంటేనే లోపలి సందు సరిగ్గా వస్తుంది. ఒకదాని అలవాటు రెండోదానికి పట్టుకెళ్లినా, గాలి గన్నుతో బర్రుమనిపించి వదిలేసినా పని చెడుతుంది. టార్క్ రెంచి కావాలి, నట్టు కొత్తది కావాలి. ఏబీఎస్ ఉన్న బళ్లలో ఇంకో గొడవ ఉంది. చాలా బేరింగుల సీలులోనే అయస్కాంతపు పట్టీ ఉంటుంది, అది సెన్సరు వైపు ఉండాలి. తిరగేసి నొక్కితే బేరింగు బ్రహ్మాండంగా తిరుగుతుంది, డాష్‌బోర్డు మీద దీపం వెలుగుతూనే ఉంటుంది.

ఒకటి పోతే రెండో వైపుది కూడా మార్చాలా? షాపువాడు మార్చాలంటాడు, మాన్యువల్ అడగదు. ఒకే హబ్బులో జంటగా ఉన్న బేరింగులైతే రెండూ మార్చడం న్యాయం. అవతలి చక్రానిది స్ప్రింగు మీద వేళ్లు పెట్టి ఏమీ లేదంటే వదిలెయ్యడమే నా పద్ధతి.

కొనడం దగ్గర మా ఊరికో విశేషం ఉంది. నిమ్‌పురా వైపు ఉన్న టాటా స్టీల్ బేరింగుల కర్మాగారంలో బళ్ల చక్రాల బేరింగులు కూడా తయారవుతాయి. 1983లో టాటాలు దాన్ని మెటల్ బాక్స్ కంపెనీ నుంచి తీసుకున్నారు. మా చిన్నాన్నకి అది ఇప్పటికీ మెటల్ బాక్సే. కర్మాగారం పక్కనే ఉన్నంత మాత్రాన బజార్లో నకిలీ దొరకదని కాదు. జైపూర్‌లో 1946 నుంచి ఉన్న ఎన్‌బీసీ పేరుతోనైనా, ఏ విదేశీ పేరుతోనైనా నకిలీలు తిరుగుతాయి. అట్టపెట్టె అందంగా ఉంటుంది, రింగు మీద చెక్కిన అక్షరాలు ఒక్కోసారి వంకరగా ఉంటాయి, ఒక్కోసారి ఉండవు. కంపెనీ డీలరు దగ్గర బిల్లుతో కొనడం తప్ప నమ్మదగిన దారి నాకు దొరకలేదు.

మొట్టమొదట పోయిన ఎడమ బేరింగు, కంపెనీ బిగించి ఇచ్చింది, మెకానిక్కు దగ్గర డబ్బాలో ఇంకా పడి ఉంటే అడిగి తెచ్చుకున్నాను. కిరసనాయిల్లో కడిగి, సీలు ఊడబెరికి, లోపలి రింగు తీశాం. గాడిలో ముప్పావు వంతు అద్దం. ఒక పక్క మాత్రం, ఇరుసుకొనకి కింది వైపు ఉండి ఉంటుంది, ఆవగింజంత బూడిద రంగు గుంట. కదలని లోపలి రింగు మీద కారు బరువెప్పుడూ ఆ కింది వైపే పడుతుంది, కాబట్టి పెచ్చు ఊడేది అక్కడే. గోరుతో గీస్తే తట్టుకుంది. అంతే గుంట. దాన్ని అమ్మకి చూపించాను. కళ్లజోడు పెట్టుకుని, కిటికీ దగ్గరికి తీసుకెళ్లి చూసి, "ఇంతదానికా అంత గోల" అని పూజగదిలో పెట్టబోతే వద్దన్నాను.

కొత్తది వేసి 50 కిలోమీటర్లు తిరిగాక నట్టు మళ్లీ చూశాం. మొన్న ఆదివారం వెనక టైర్లు కూడా మార్చి బాలేశ్వర్ దాకా వెళ్లి వచ్చాను. దారిలో టీ కొట్టు దగ్గర ఆగి రెండు వెనక చక్రాల మధ్యభాగం మీద చేతి వెనకభాగం ఆనించాను. రెండూ ఒకేలా గోరువెచ్చగా ఉన్నాయి.